హిబా దస్తూరి

పొయ్యి మీద గంగాళంలో నీలిరంగు మసులుతోంది. మక్సూద్ రెండు చేతులా వెదురుకర్ర పట్టుకుని, దానికి వేలాడేసిన నూలు చుట్టలను, చిలపలను తిప్పుతున్నాడు. ముంచడం, ఎత్తడం, కర్ర జరిపి మళ్లీ ముంచడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ అతని కళ్లు గంగాళం మీద లేవు. గోడవారన కూతురు హిబా మూడు డబ్బాలకు కాయితాలు అంటిస్తోంది. అంటించి, కాస్త వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి చూసుకుంటుంది. నచ్చకపోతే మైదా తడి ఆరకముందే ఊడదీసి పక్క డబ్బాకు మారుస్తుంది. పదకొండేళ్ల పిల్లకు అంత నిదానం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే మక్సూద్ నవ్వేవాడు. నారాయణపేటలో చీరల అంచులు నేసే ఇళ్ల మధ్య పుట్టిన పిల్లకు నిదానం ఒకరు నేర్పాలా?

కాయితాల మీది మాటలు పొద్దున అతను రాసిచ్చినవే. ఉప్పు, బట్టల సోడా, కాస్టిక్ సోడా. రంగు పనికి మూడూ కావాలి, మూడూ తెల్లగానే ఉంటాయి. మక్సూద్‌కు ఆ పేర్లతో పని లేదు. మూత తీస్తే చాలు, ఏది ఏమిటో తెలిసిపోతుంది. కూతురి దస్తూరి నలుగురి కంటా పడాలన్న ముచ్చట కొద్దీ రాయించాడు, అంతే. అతని కోడిగెలుకుడు అక్షరాలను హిబా కడిగిన ముత్యాలుగా మార్చి, చుట్టూ చీరలకు నేసే రుద్రాక్షల అంచు కూడా గీసింది. పిల్లకు చెవులు వినపడవు, మాట రాదు. రాకపోతేనేం, ఐదో తరగతిలో అంత చక్కగా రాసేవాళ్లు మరొకరు లేరని సార్లే అంటారు. ఆ వాడలో పనితనానికి కొలత ఒకటే. ఎదుట పెట్టిన అంచును చూసి, పోగు తేడా రాకుండా మళ్లీ నేసినవాడే పనిమంతుడు. ఆ కొలతతో చూస్తే తన బిడ్డను మించిన చదువరి బడిలోనే లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు అని వాడవాళ్లు ఆటపట్టిస్తే, మీ పిల్లలతో గిట్ల రాయించండి చూద్దామని మీసం మెలేసేవాడు.

సాయంత్రం బడి హెడ్‌మాస్టర్ దివాకర్ సారు బండి ఆపి కొట్టంలోకి వచ్చాడు. తాహేరా చాయ్ తెచ్చి ఇచ్చి, భర్త వెనక నిలబడింది.

"గురువారం జిల్లా ఆఫీసు నుంచి పెద్దసార్లొస్తున్నరు మక్సూద్ భాయ్. సమ్మిళిత విద్యల మన బడినే ముందు పెడ్తరట. హిబా బోర్డు మీద రాస్తది. మీ ఇద్దరు ముందల కూసోవాలె."

"సమ్మిళిత విద్య అంటే ఏంది సార్?"

"ఏం లేదు, హిబా అసొంటి పిల్లలు అందరితోని కలిసి చదువుకునుడు. మన దగ్గర ఆమె ఒకటో తరగతిల చేరినప్పటి సంది గదే నడుస్తున్నది." సారు చాయ్ ఊదుకుంటూ డబ్బాల వంక చూశాడు. "అబ్బ, అచ్చు గుద్దినట్టున్నయ్." లేచి ఫోనులో వాటి ఫొటో తీసుకున్నాడు. దివాకర్ చెడ్డవాడు కాడు. హిబాకు పండుగలకు రంగు పెన్సిళ్లు కొనిచ్చేవాడు, ఎవరైనా ఆమెను వెక్కిరిస్తే చెవి మెలిపెట్టేవాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇంకో ముచ్చట. నిరోష మేడం వచ్చి ఏదన్న చెప్తే, జర ఆలోచించి తలకాయ ఊపు. చదువొచ్చిన పిల్లకు చదువు రాలేదని పేరు పెడితే నష్టం పిల్లకే."

నిరోష మేడం అంటే ఇటువంటి పిల్లల కోసం స్కూటీ మీద మండలమంతా తిరిగే టీచరు. హిబా బడికి వారానికొకసారి వస్తుంది. ఆమె ఏం చెబుతుందని సారు ముందే అడ్డు కట్టాడో మక్సూద్‌కు అర్థం కాలేదు. బండి చప్పుడు సందు దాటాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. నీలి చిలప ఒకటి కర్ర మీద ఎక్కువసేపు ఉండిపోయి మచ్చ పడింది. మచ్చ పడనివ్వడం అతని ఇంటావంటా లేదు.

మర్నాడు పొద్దున మక్సూద్ వాకిట్లో తాళ్ల మీద చిలపలు ఆరేస్తుండగా, ఎదురింటి హనుమమ్మ కొంగు గొంతుకు చుట్టుకుని వచ్చింది. నేతగాళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టే ముసలమ్మ. తాహేరాకు పురుడు పోసింది కూడా ఆమే.

"తాహేరా, జర ఉప్పియ్యి బిడ్డా. గొంతు పుండు లెక్కున్నది. పుక్కిలిద్దమంటే ఇంట్ల ఉప్పుగల్ల లేదు."

"మా ఇంట్ల గూడ నిన్ననే అయిపోయింది అవ్వా. కొట్టంల ఉన్నది, కూసో."

రంగు సామాన్లు ఎన్నడూ ముట్టని తాహేరా కొట్టంలోకి పోయి, ఉప్పు అని రాసి ఉన్న డబ్బా మూత తీసి, రెండు చెంచాలు గ్లాసులో వేసి, కుండలో నీళ్లు పోసి కలిపి తెచ్చి ఇచ్చింది. హనుమమ్మ అరుగు మీద కూర్చుని గ్లాసు అందుకుంది. అందుకుని, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఎసరు పెట్టి తెచ్చినవా బిడ్డా? గ్లాసు కాలుతాంది. మంచిగ చేసినవ్, గొంతుకు ఎచ్చటి నీళ్లే మంచియి."

"లేదవ్వా, కుండనీళ్లే గదా" అంటోంది తాహేరా.

మక్సూద్ చేతిలోని తడి చిలప మట్టిలో పడిపోయింది. కుండనీళ్లు వాటంతటవి కాగవు. నీళ్లను కాచే తెల్లటి గుండ ఆ ఇంట్లో ఒకటే ఉంది, కాస్టిక్ సోడా. ముసలమ్మ గ్లాసు పెదవులకు ఆనించబోతుండగా వచ్చి చేత్తో కొట్టాడు. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. నీళ్లు హనుమమ్మ మణికట్టు మీద, చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి.

"పిచ్చిలేసిందా నీకు మక్సూదూ" అంది ఆమె. మరుక్షణమే చెయ్యి చూసుకుని మూలిగింది. అతను ఆమెను తొట్టి దగ్గరికి లాక్కుపోయి, చెంబుల కొద్దీ నీళ్లు ఆ చేతి మీద కుమ్మరించాడు. చర్మం జారుడుగా మారి ఎర్రగా పొంగింది. గొంతులోకి దిగి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలుసు. రంగు పనిలో ఉన్నవాళ్లంతా అటువంటి చావును గురించి ఎక్కడో అక్కడ విన్నవాళ్లే.

తాహేరా ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. మక్సూద్ కొట్టంలోకి వచ్చి డబ్బాల ముందు గొంతుక్కూర్చున్నాడు. కాస్టిక్ ఉన్న చిన్న డబ్బాకు ఉప్పు అని ఉంది. ఉప్పు ఉన్న పెద్ద డబ్బాకు కాస్టిక్ సోడా అని ఉంది. చిన్న మాట చిన్న డబ్బాకు, పెద్ద మాట పెద్ద డబ్బాకు. అంచుకు తగ్గ చీర చూసినట్టు చూసి అంటించింది పిల్ల. చూడముచ్చటగా కుదిరాయి. నిన్న సాయంత్రం నుంచి తానూ పదిసార్లు చూశాడు. చూసి మురిశాడే తప్ప ఒక్కసారి కూడా చదవలేదు.

హిబాను పిలుచుకొచ్చి డబ్బాను చూపించాడు. పిల్ల తండ్రి మొహం చూసింది, డబ్బా చూసింది, కాయితం మూల కాస్త లేచి ఉండటం కనిపెట్టి వేలితో అద్ది సరిచేసింది. ఇక చాలా అన్నట్టు చూసింది.

అతను సుద్దముక్కతో నేల మీద నీళ్లు అని రాసి, తెమ్మని సైగ చేశాడు. హిబా కూర్చుని, దాని కింద నీళ్లు అని రాసింది. అతని రాత కంటే ఎంతో బాగుంది. కర్ర అని రాశాడు. కర్ర అని రాసింది. అమ్మ అని రాసి ఎవరని చేయి తిప్పాడు. అమ్మ అని రాసి, చుట్టూ అంచు గీయబోయింది. చివరికి హిబా అని రాశాడు. అప్పుడు మాత్రం పిల్ల నవ్వి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నేళ్ల బడిలో ఆమెకు అందిన చదువు ఆ రెండక్షరాలే. పిల్ల ముందు ఏడవకూడదని మక్సూద్ పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ కూర్చున్నాడు.

బుధవారం నిరోష మేడం మండల విద్యా ఆఫీసులో తన గదిలో ఉంటుంది. మక్సూద్ వెళ్లేసరికి ఒక పసివాడి చేత రబ్బరు బంతి పిసికిస్తోంది. జరిగింది విని బంతి కింద పెట్టింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మీకు తెలుసా మేడం?"

"తెల్సు అన్నా. సార్‌తోని చాలాసార్లు చెప్పిన. పిల్ల రోజు బడికొస్తాంది, నవ్వుతాంది, ఎవరు కొడ్తలేరు, ఇంకేం గావాలె అంటడు." అతనికి కుర్చీ చూపింది. "మా చదువుల రెండు మాటలుంటయి. సమీకృత విద్య, సమ్మిళిత విద్య. రెండు ఒకటే అనుకుంటరు అందరు. పరీక్షల తేడా రాయుమంటే రాసి, బయటికొచ్చినంక మళ్ల కలిపేస్తరు. పిల్లను తెచ్చి అందరి నడుమ కూసోబెట్టుడు సమీకృతం. బడి ఎట్లున్నది గట్లనే ఉంటది, పిల్లనే దానికి సరిపడాలె. సమ్మిళితం అంటే పిల్ల కోసం బడి మారాలె. సైగల భాష వచ్చిన టీచర్ ఉండాలె, బొమ్మలు చూపెట్టి చెప్పాలె, పక్క పిల్లలు గూడ సైగలు నేర్వాలె. మన బడిల గోడ మీద రాసింది రెండోది. లోపల నడుస్తున్నది మొదటిది."

మక్సూద్ తల వంచుకున్నాడు. ఉడకబెట్టని పచ్చినూలును పొద్దంతా రంగులో నానబెట్టినా పైపైన తడుస్తుందే గానీ లోపలికి పట్టదు. చూసేవాళ్లకు మాత్రం రంగు నూలులాగే కనపడుతుంది. తన పని తనకు తెలిసీ, తన బిడ్డ సంగతి తెలియకపోయింది.

"సైగల టీచర్ గావాలని పైకి రాయించిన" అంది నిరోష. "రేపు ఈ పిల్ల మంచిగ చదువుతాందని పెద్దసార్లు ఒప్పుకుంటే గది ఆగిపోతది. చదువొచ్చిన పిల్లకు టీచరెందుకంటరు. వచ్చే ఏడు పెద్ద బడికి పోతది. గాడ ఈమె దిక్కు చూసేటోళ్లే ఉండరు."

"మీరు చెప్పున్రి మేడం."

"నేను కాంట్రాక్టు దాన్ని. చెప్తే సార్ మీద కోపంతోని చెప్తున్ననంటరు. మీరు కన్నోళ్లు. మీ మాట వేరే."

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చింది. కొత్తగా కొన్న ఉప్పు చిటికెడు హిబా నాలుక మీద వేసి, ఉప్పు అని రాసి తెచ్చిన అట్టముక్క చూపింది. తరువాత చక్కెర వేసి ఇంకో అట్టముక్క. మళ్లీ ఉప్పు, మళ్లీ చక్కెర. హిబా మొదట రెంటినీ చూసి రాయడానికి సుద్దముక్క కోసం వెతికింది. నిరోష ఆమె చేతులు పట్టుకుని మళ్లీ నాలుక మీద ఉప్పు వేసింది. ఇట్లా ఎంతసేపు సాగిందో, పొద్దుగూకే వేళకు పిల్ల ఒక్కసారి బిగుసుకుపోయింది. ఉప్పు అట్టముక్క మీది అక్షరాలను వేలితో తడిమింది, నాలుక బయటపెట్టి మొహం చిట్లించింది. ఆపైన లేచి కొట్టంలోకి పరుగెత్తింది. వాళ్లు వెనకే పోయేసరికి చిన్న డబ్బా ముందు నిలబడి ఉంది. తను రాసిన కాయితాన్ని చర్రున చింపేసి, చేతికి కట్టుతో హనుమమ్మ కూర్చున్న ఎదురింటి వైపు చూసి, తండ్రి వైపు చూసింది. ఆ చూపులోని భయాన్ని మక్సూద్ తట్టుకోలేకపోయాడు. దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు. తప్పు నీది కాదని చెప్పడానికి అతని దగ్గర సైగ లేదు. అంతకు మించిన బాధ ఇంకొకటి ఉంటుందని ఆ పూట అతనికి తోచలేదు.

గురువారం బడి గేటు దగ్గరే దివాకర్ సారు ఎదురొచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. గొంతు మెత్తగా ఉంది.

"నిన్న మేడం మీ ఇంటికొచ్చిందట."

మక్సూద్ తల ఊపాడు.

"నేనేం అంటలేను. కానీ మంచిగ ఇను. ఇయ్యాల నువ్వు లేచి నా బిడ్డకు ఏం రాదంటే, సార్లు టీచర్‌ను పంపుతరనుకుంటున్నవా? ఈ పిల్లకు ఈ బడి పనికిరాదు, ఇంటికాడ్నే ఉంచుకోండ్రి అంటరు. గప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను. గీ దోస్తులు, గీ తరగతి, అన్ని పోతయి. కొట్టంల నీ సోడా డబ్బాల నడుమ కూసుంటది. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? అటు నుయ్యి, ఇటు గొయ్యి. నోరు విప్పితే పిల్ల బడి పోతుంది, విప్పకపోతే చదువు పోతుంది. మక్సూద్ పోయి తాహేరా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద సమ్మిళిత విద్య అని పచ్చరంగుతో కొత్తగా రాయించారు. ఆ వాసన ఇంకా పోలేదు. కిటికీ పక్కన నిరోష నిలబడి ఉంది. అతని వైపు చూడటం లేదు.

జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన పెద్దసారు నవ్వుమొహం మనిషి. పిల్లలను పేరుపేరునా పలకరించాడు. దివాకర్ బోర్డు మీద మా బడి మాకు ఇష్టం అని రాశాడు. హిబా ఎర్ర రిబ్బను సర్దుకుని ముందుకు వచ్చి, దాని కింద అదే మాట రాసింది. గదంతా చప్పట్లు. పిల్లకు చప్పుడు వినపడదు గానీ చేతులు కనపడతాయి. అన్ని చేతులు ఒక్కసారి కదలడం చూసి ఆమె మొహం వెలిగిపోయింది. బడిలో ఆమెకు అందరూ కలిసి ఇచ్చింది అదొక్కటే.

"తల్లిదండ్రులు రెండు మాటలు చెప్తారు" అన్నాడు దివాకర్, మక్సూద్ కళ్లలోకి సూటిగా చూస్తూ.

మక్సూద్ లేచాడు. నిన్నటి నుంచి కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు.

"మాట్లాడుడు నాతోని గాదు సార్. నేను గూడ ఒక ముక్క రాసిస్త. నా బిడ్డ రాస్తది."

దివాకర్ మొహం తేటపడింది. సుద్దముక్క తనే తెచ్చి ఇచ్చాడు. మక్సూద్ బోర్డు మూలకు పోయి, తన కోడిగెలుకుడు అక్షరాలతో చిన్నగా మూడు మాటలు రాసి పక్కకు తప్పుకున్నాడు. కన్నకూతురి చేత ఇటువంటి మాట రాయించే తండ్రి ఇంకెక్కడైనా ఉంటాడా అని తనను తాను తిట్టుకున్నాడు. అయినా ఆమెను ఆపలేదు. హిబా బోర్డు నడుమ పెద్దగా రాయడం మొదలుపెట్టింది. దీర్ఘాలు, కొమ్ములు దేనికది ఒద్దికగా కుదిరాయి. రాసి, చుట్టూ రుద్రాక్షల అంచు గీసింది. ఆమె గీస్తుండగా మక్సూద్ భుజం మీది తువ్వాలుతో తన రాతను తుడిచేశాడు.

మళ్లీ చప్పట్లు. "ఎంత చక్కటి దస్తూరి" అన్నాడు పెద్దసారు. "మామూలు పిల్లలు కూడా ఇట్లా రాయలేరు." ఆయన, దివాకర్, నడుమ హిబా, వెనక బోర్డు. ఫొటోలు తీశారు. అందరూ ఆ అక్షరాలను చూశారు, అందరూ మెచ్చుకున్నారు. డబ్బాల మీది రాతను తానూ అట్లాగే చూశాడు కాబట్టి అందులో మక్సూద్‌కు వింతేమీ కనపడలేదు.

"తరగతి కూడా ఒకసారి చదవాలి కదా" అన్నాడు పెద్దసారు. బోర్డు మీద ఏది రాసినా అందరూ కలిసి రెండుసార్లు చదవడం ఏ బడిలోనైనా ఉన్నదే. దివాకర్ పొడుగు కర్ర అందుకుని, పెద్దసారు వైపే నవ్వుతూ మొదటి మాట కింద పెట్టాడు.

"నాకు" అన్నారు పిల్లలు.

కర్ర జరిగింది.

"చదువు."

అప్పుడు దివాకర్ బోర్డు వైపు తిరిగాడు. కర్ర గాలిలోనే ఆగిపోయింది. పిల్లలకు కర్రతో పనేముంది, మూడో మాట ఎదురుగానే ఉంది.

"రాదు" అని గట్టిగా ముగించారు. ఎవరూ ఆగమనలేదు కాబట్టి అలవాటు కొద్దీ మళ్లీ ఎత్తుకున్నారు. "నాకు చదువు రాదు." ఈసారి హిబా కూడా వాళ్ల నోళ్లు చూస్తూ తన పెదవులు కదిపింది. అందరితో పాటే తెరిచింది, అందరితో పాటే మూసింది.

పెద్దసారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. బోర్డును మొదటిసారి చదివాడు, ఆ తరువాత పిల్లను చూశాడు.

"ఈ పాపకు చదువు చెప్పేది ఎవరు?" అని అడిగాడు.

దివాకర్ కర్ర కింద పెట్టాడు. తాహేరా కొంగు నోట్లో కుక్కుకుంది. కిటికీ దగ్గర నిరోష ఒక అడుగు ముందుకు వేసి, మక్సూద్ ముందు చెబుతాడేమోనని ఆగింది.

హిబా అందరి చేతుల వంకా చూసింది. ఎవరి చేతులూ కదలలేదు. తండ్రి చేతులు కూడా కదలలేదు. రాత బాగా కుదరలేదనుకుంది కాబోలు, ఆమె మొహం చిన్నబోయింది. బోర్డు వైపు తిరిగి, సుద్దముక్కను నేలకు రుద్ది మొన తీసుకుని, అదే మాటను దాని కింద ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త అందంగా మళ్లీ రాయడం మొదలుపెట్టింది.